మూడో లైను

కొండ మీది కేంద్రం,
ట్రాలీ వచ్చిన రోజు

బావా,

నమస్కారం పెడదామంటే చేతులు ఖాళీ లేవు. ఒక చేతిలో పెన్ను ఉంది, ఇంకో చేతిలో తల ఉంది.

ఆఫీసు పంపిన డిస్కులు పెట్టి మన లైనక్సు కంప్యూటరు మీద కొత్త వెర్షను ఎక్కించడం మొదలుపెట్టాను. ఒట్టు, కాగితంలో రాసినట్టే చేశాను. పదిహేను వందల పాకేజీల్లో తొమ్మిది వందలు బడి పిల్లలు బస్సెక్కినట్టు చకచకా ఎక్కేశాయి. అక్కడ ఆగింది. తెర మీద మూడు లైన్లు పడ్డాయి. మొదటిది, నువ్వు రాసిన గాలిగుమస్తా ప్రోగ్రాముకి పాత లైబ్రరీ ఫైలే కావాలట. రెండోది, కొత్త సిస్టానికి కొత్త లైబ్రరీ కావాలట, పాతది కదలకుండా అది ఎక్కదట. మూడోది, 'పట్టి ఉంచిన పాకేజీలు ఉన్నాయి, దారి లేదు' అని. ఎవరు పట్టి ఉంచారో, ఎందుకు పట్టి ఉంచారో నాకు తెలియదు. నేను మబ్బులు చూసేవాణ్ణి, ఇవన్నీ నీ విద్యలు.

గాలిగుమస్తా పడుకోవడంతో గాలి, వాన, చలి లెక్కలన్నీ మూడు గంటలకోసారి నేనే బయటికి వెళ్ళి చూసి పుస్తకంలో రాస్తున్నాను. శాటిలైటు లింకూ ఆ యంత్రం మీదే కాబట్టి అదీ పోయింది. ఇక కిందికీ పైకీ మాట అంటే మూడు వారాలకోసారి వ్యాను తెచ్చి తీగ మీది ట్రాలీలో వేసే ఈ సంచి ఒక్కటే. ఆ సంచి కట్టేది నువ్వే కనుక నాకు దిగులు లేదు.

దిగులల్లా ఒకటే. నా మూడు నెలల డ్యూటీ ఇంకో నెలలో అయిపోతుంది. కానీ రూలు నీకూ తెలుసు. యంత్రం నడుస్తుంటేనే చార్జి అప్పగించాలి, లేకపోతే ఎవరు పాడు చేశారో వాడే బాగు చేసి దిగాలి. మా ఆవిడకి ఎనిమిదో నెల. పురుటికి నేను పక్కన ఉంటానని మాటిచ్చాను. నువ్వు ఒక్క చిట్కా రాస్తే దిగిపోతాను. ఆవిడకి రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను, ఇంటికి చేర్చు.

నీ బావమరిది


ఆఫీసు, సామాన్ల గది

బావమరిదికి,

ఉత్తరం అందింది. మొదటి రెండు లైన్లూ చదివితే జబ్బు అర్థమవుతోంది. దీనితో ఒక డిస్కు పంపుతున్నాను. అందులో ఒకే ఒక పాకేజీ ఉంది. ముందు సగంలో ఆగినవాటిని సరిచేసే కమాండు కొట్టి, ఆ తరువాత దీన్ని ఎక్కించు. అన్నీ ఒకేసారి ఎందుకు పంపలేదని అడుగుతావు. అన్నీ కలిపి వేస్తే ఏది చెడిందో తెలియదు. ఈ పనిలో తొందర పనికిరాదు. ఒక్కొక్కటే వెయ్యాలి, ఏమైందో చూడాలి, రాయాలి.

ఇంటి సంగతి. కంగారు పడకు, ఇక్కడ అంతా బాగానే ఉంది. నిన్న వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని జడ వేసుకుంటూ పాట పాడుతోంది. నువ్వు అక్కడ నీ పని చూసుకో, ఇక్కడ నేను లేనూ?

బావ


కొండ మీది కేంద్రం,
ట్రాలీ వచ్చిన రోజు

బావా,

తీగ లాగితే డొంకంతా కదిలింది. నువ్వు పంపిన పాకేజీ నోరు తెరవగానే 'నాకు ఇంకోటి కావాలి' అంది. ఆ ఇంకోదాని పేరు, వెర్షను నంబరు వెనక పేజీలో ఉన్నవి ఉన్నట్టు రాశాను. అదొస్తే మరోటి అడగదని నమ్మకం ఏముంది? వీటన్నిటినీ వరసగా ఒకే డిస్కులో పెట్టి పంపకూడదా? నువ్వు గురువువి, నీ మాట కాదనను. కానీ ఒక్కొక్క గుటకకీ మూడు వారాలంటే దాహం తీరేలోపు మనిషి పోతాడు.

మూడో లైను అలాగే ఉంది. దాని సంగతి నువ్వు రాయలేదు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా ఆవిడ పాట పాడిందా! పెళ్ళయిన రెండేళ్ళలో ఒక్క కూనిరాగం కూడా నేను వినలేదు. నేను లేకపోతే గొంతు విప్పుతుందన్న మాట, దిగాక ఆ సంగతి తేలుస్తాను. ఆవిడ దగ్గర నుంచి ఉత్తరం ఎందుకు రాలేదు? బద్ధకమని తిట్టు, నా పేరు చెప్పి తిట్టు.

ఇంకో మాట బావా. నీకు ఇవ్వాల్సినది ఒకటి రెండేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. ఇవ్వడానికి ధైర్యం చాలక కోటు లోపలి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. సంచిలో వేసి పంపేది కాదు. దిగిన రోజున నీ చేతికే ఇస్తాను. అప్పుడు కొట్టినా తిట్టినా పడతాను.

నీ బావమరిది


ఆఫీసు, సామాన్ల గది

బావమరిదికి,

కిందటి ట్రిప్పుకి నీకు ఏమీ రాలేదు కదా. సంచి సీలు వేశాక డిస్కు బల్ల మీదే కనపడింది. సీలు విప్పకూడదని రూలు. రూళ్ళ మీద నీకున్నంత గౌరవం నాకూ ఉంది.

అడిగిన రెండో పాకేజీ పంపుతున్నాను. మూడో లైను గురించి రాశావు. అది మామూలు హెచ్చరిక, ప్రతి యంత్రమూ అలా గొణుగుతుంది. పట్టించుకోకు.

ఇంటి సంగతి. ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరమ్మ నవ్వుతూ మాట్లాడింది, రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తామంది. మంచం కిటికీ పక్కనే ఇచ్చారు. కంగారు పడకు. ఉత్తరం రాయడానికి ఓపిక లేదు, అంతే. నువ్వు దిగి వచ్చి చేసేది కూడా ఏమీ లేదు.

బావ


కొండ మీది కేంద్రం,
ట్రాలీ వచ్చిన రోజు

బావా,

ఏ బిడ్డ? ఆడా, మగా? నీ ఉత్తరం ముందూ వెనకా తిప్పి చదివాను. ఆస్పత్రిలో చేర్చారని రాశావు, పురుడు ముక్క లేదు. నెలలు నిండిన మనిషిని ఆస్పత్రిలో చేర్చి రెండు రోజుల్లో పంపేస్తామంటే పురుడు వచ్చినట్టా, రానట్టా? ఒక్క అక్షరం రాస్తే నీ సిరా ఇంకిపోతుందా?

యంత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. రెండో పాకేజీ మూడోదాన్ని అడిగింది. అడుగుతుందని నాకు తెలుసు. కోపం వచ్చి, పాత లైబ్రరీ ఉండగానే కొత్తదాన్ని బలవంతంగా ఎక్కించే కమాండు పుస్తకంలో వెతికి కొట్టాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. మౌసు పోయింది, బొమ్మలు పోయాయి, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు మాత్రం మిగిలాయి. ఏ కమాండు కొట్టినా లైబ్రరీ దొరకలేదంటుంది. ఒక్క మూడో లైను మాత్రం చెక్కు చెదరకుండా వస్తోంది.

నా డ్యూటీ అయిపోయి ఐదు వారాలైంది. అద్దంలో నా మొహం చూస్తే నాకే చిరాగ్గా ఉంది. ట్రాలీ తిరిగి వెళ్ళే వేళైంది. ఏ బిడ్డ, బావా?


ఆఫీసు, సామాన్ల గది

బావమరిదికి,

బలవంతంగా ఎక్కించమని నీకు ఎవరు చెప్పారు? పని రానివాడు కుదురుగా కూర్చోవడం కూడా ఒక పనే. చేసినదానికి ఫలితం అనుభవించు. మొదటి డిస్కు పెట్టి యంత్రాన్ని డిస్కు మీంచి నడుపు, పాత లైబ్రరీని మళ్ళీ దాని చోట కూర్చోబెట్టు. ఎలాగో తెలియకపోతే నేనున్నప్పటి పాత మాన్యువలు బల్ల కింది సొరుగులో ఉంది. సొరుగు పూర్తిగా బయటికి లాగు. మాన్యువలు వెనక కూడా చూడు.

ఇంటి సంగతి. ఇంటికి పంపేశారు. ఆకలి బాగా వేస్తోంది, మొహంలో రంగు వచ్చింది. నిన్ను తలుచుకుని నవ్వుతోంది. నువ్వు అక్కడ నీ పని చూసుకో, ఇక్కడ నేను లేనూ?

బావ


కొండ మీది కేంద్రం,
ట్రాలీ వచ్చిన రోజు

బావా,

సొరుగు పూర్తిగా లాగాను. మాన్యువలు వెనక నాలుగు ఉత్తరాలు దారం కట్టి ఉన్నాయి. దస్తూరీ నాదే.

కిటికీ దగ్గర కూర్చుని జడ వేసుకుంటూ పాట పాడుతోంది. డాక్టరమ్మ నవ్వుతూ మాట్లాడింది. ఆకలి బాగా వేస్తోంది, మొహంలో రంగు వచ్చింది. ఇక్కడ నేను లేనూ. నువ్వు నాకు రాసిన ఇంటి సంగతుల్లో ఒక్క మాట కూడా నీది కాదు. రెండేళ్ళ కిందట నువ్వు ఈ గదిలో ఉన్నప్పుడు అక్క గురించి నేను నీకు రాసినవే అన్నీ. పాట పాడేది అక్క. నేను నవ్వుకున్నాను చూడు, అప్పుడే నా బుర్ర పనిచెయ్యాల్సింది.

దాచి ప్రయోజనం లేదు. నువ్వు దిగితే నీ చోటికి నేను ఎక్కాలి. అప్పటికి నాకు పెళ్ళయి నెల. మొదటి ఉత్తరం రాసేటప్పుడు మామూలు జ్వరమనే అనుకున్నాను. రెండోది రాసేనాటికి జబ్బు రక్తంలో ఉందని డాక్టరమ్మ నాకు చెప్పేసింది. మిగతావి తెలిసే రాశాను. ఒక నెల ఆగుతుందిలే, రెండు నెలలు ఆగుతుందిలే అనుకున్నాను. అక్క ఆగలేదు. ఈ మాట నీ మొహం మీద చెప్పలేక రెండేళ్ళు తప్పించుకు తిరిగాను. నన్ను చంపినా తప్పు లేదు.

కానీ ఆవిడ ఏం చేసింది బావా? కడుపులో బిడ్డ ఏం చేసింది? నేను రాసినవి అబద్ధాలు. నువ్వు అవే రాశావంటే నేనేం అర్థం చేసుకోవాలి? ఉన్నారా, లేరా? ఇప్పుడే దిగిపోదామని చెప్పులు కూడా వేసుకున్నాను. పోస్టు ఖాళీగా వదిలితే ఉద్యోగం పోతుంది, పుట్టిన బిడ్డకి తండ్రి జీతమైనా ఉండాలి కదా అని మళ్ళీ విప్పాను. ఉంటే కదా.

ఉన్నారని రాయి. లేరని రాయి. ఏదో ఒకటి నీ సొంత మాటల్లో రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.


ఆఫీసు, సామాన్ల గది

బావమరిదికి,

సొంత మాటల్లోనే రాస్తున్నాను.

ఆ కేంద్రం నుంచి దిగే ముందు పాత లైబ్రరీని పట్టి ఉంచింది నేను. ఎప్పుడైనా ఎవరైనా అప్‌డేటు చేస్తే గాలిగుమస్తా చెడుతుందని ఒక్క కమాండుతో కదలకుండా కట్టేశాను. మంచి ఉద్దేశంతోనే చేశాను, తరువాత మరిచిపోయాను. నీ మొదటి ఉత్తరంలో మూడో లైను చదవగానే గుర్తొచ్చింది. ఆ పూటే నీకు చీటీ రాశాను కూడా. ఇదిగో, ఇందులో పెట్టాను, తేదీ చూసుకో. దాని మీదున్న ఒక్క కమాండు కొడితే కట్టు ఊడుతుంది. ఆపైన అప్‌గ్రేడు మళ్ళీ నడిపిస్తే మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది. కొత్త లైబ్రరీకి సరిపోయే గాలిగుమస్తా నువ్వు మొదట్నుంచీ పెట్టుకున్న డిస్కులోనే ఉంది. నేను పంపిన పాకేజీలు దేనికీ అక్కర్లేదు.

చీటీ రాసి, సంచిలో వెయ్యబోతూ కింద నువ్వు రాసిన వాక్యం చూశాను. 'పురుటికి నేను పక్కన ఉంటానని మాటిచ్చాను.' చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నాకు మీ అక్క పోయిన వార్త ఎలా తెలిసిందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. సంచిలో బాటరీలు, వాటి కింద సబ్బులు, ఆ కింద ఆఫీసు వాళ్ళు టైపు చేసిన కాగితం, అన్నిటికంటే అడుగున ఆకలి బాగా వేస్తోందని నీ ఉత్తరం. పై నుంచి తీసుకుంటూ వచ్చాను కనుక ముందు చావు చదివాను, తరువాత ఆకలి చదివాను. దిగేసరికి గుమ్మంలో మీ అక్క చెప్పులు ఉన్నాయి. ఎవరో పక్కకి జరిపి పెట్టారు.

మీ ఆవిడ ఉందో లేదో నాకు తెలియదు. మీ ఇంటికి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అబద్ధం చెప్పాలన్నా ముందు నిజం తెలుసుకోవాలి. ఆ శ్రమ నాకెందుకు? నువ్వు రాసినవి నాకు కంఠతా వచ్చు, ఎత్తి రాసేశాను. ఆవిడ నీకు రాసిన ఏడు ఉత్తరాలు ఇందులో ఉన్నాయి. నేను విప్పలేదు. మొదటి మూడూ ఆఫీసు కిటికీలో ఇచ్చి వెళ్ళింది, గుమస్తా నా బల్ల మీద పెట్టాడు. తక్కినవి పోస్టులో వచ్చాయి, వాటి మీద చిరునామా వేరు. నువ్వు ఆవిడకి రాసినవి కూడా ఇవిగో, వెనక్కి తీసుకో.

ఈసారి ట్రాలీ తిరిగి వచ్చేటప్పుడు అందులో నేనే వస్తున్నాను, అక్కడి వంతు నాది. చార్జి కాగితం మీద సంతకం పెట్టి పో. నాకు ఇవ్వాల్సినది ఏదో ఉందన్నావు. క్షమాపణ పత్రమైతే నాకు అక్కర్లేదు. అక్కడే పొయ్యిలో వేసుకో.

బావ


కొండ మీది కేంద్రం,
బల్ల మీద, పేపరువెయిటు కింద

బావా,

నువ్వు ట్రాలీలో పైకి వచ్చేసరికి నేను మెట్లదారిలో కిందికి పోతుంటాను. ఎదురుపడితే ఇద్దరిలో ఒకరం లోయలో ఉంటాం, అందుకని.

చార్జి అప్పగింత. యంత్రం నడుస్తోంది. మాన్యువలు చూసి పాత లైబ్రరీని దాని చోట కూర్చోబెట్టాను, నీ చీటీలో కమాండు కొట్టగానే మూడో లైను పోయింది. ఆరు వందల పాకేజీలు నేను అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు ఎక్కేశాయి. గాలిగుమస్తా లెక్కలు రాస్తోంది. లింకు వచ్చింది. సంతకం కింద ఉంది. నాలుగు నెలలు నన్ను కట్టి పడేసింది ఇంత చిన్న కమాండా అని కాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను.

తరువాత ఏడు ఉత్తరాలూ వరసగా చదివాను. నీకు తెలియదన్నావు కదా, తెలుసుకో. ఉన్నారు. ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల. మూడో ఉత్తరంలో పాప చెయ్యి కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి పంపింది. నాలుగోదాంట్లో, ఒక్క ముక్క రాయడానికి తీరిక లేదా అని అడిగింది. ఐదోదాంట్లో అడగలేదు. ఆరోది వాళ్ళ అన్నయ్య ఇంటి నుంచి రాసింది. ఏడోది రెండు లైన్లే. 'పాపకి పేరు పెట్టేశాం. నువ్వు రావద్దు.' ఆ పేరేమిటో రాయలేదు. నేను వెళ్తాను, గుమ్మంలో నిలబడతాను, నా ఉత్తరాల కట్ట చూపిస్తాను. ఆవిడ నమ్ముతుందో లేదో. నమ్మకపోతే ఆవిడ తప్పు కాదు.

ఇక నీకు ఇవ్వాల్సినది. అది క్షమాపణ పత్రం కాదు బావా. క్షమాపణ అడిగే మొహమే ఉంటే రెండేళ్ళ కిందటే అడిగేవాణ్ణి. పోయే ముందు వారం అక్క నీకు ఒక ఉత్తరం రాసింది. దిండు మీద కాగితం పెట్టుకుని రెండు పూటలు రాసింది. మడిచి, అంటించి, 'మీ బావకి పంపు, ఈ ట్రిప్పులోనే పంపు' అని నా చేతికిచ్చింది. అది చదివితే నువ్వు ఆ రోజే దిగేస్తావని సంచిలో వెయ్యలేదు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. అక్క పోయాక అది ఇంకా బరువెక్కింది. ఇన్నాళ్ళూ విప్పలేదు. ఈ డ్యూటీ నుంచి దిగిన రోజున నీ చేతికి ఇచ్చి తన్నులు తినాలని మొక్కినంత గట్టిగా అనుకున్నాను. నువ్వు మొదటి ట్రిప్పులోనే ఆ చీటీ పంపి ఉంటే ఈపాటికి అది నీ దగ్గర మూడు నెలలుగా ఉండేది.

పొద్దున విప్పాను. నాలుగు పేజీలు. అక్షరాలు చివరికొచ్చేసరికి బాగా వంకర పోయాయి. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. తరువాత నువ్వు చెప్పినట్టే పొయ్యిలో వేశాను. బూడిద తియ్యలేదు, చూసుకో.

అందులో ఏముందా అని నువ్వు ఆలోచిస్తావు. నిన్ను పిలిచిందా, తిట్టిందా, ఏదైనా చెప్పమందా అని ఈ గదిలో మూడు నెలలు ఆలోచిస్తావు. కంగారు పడకు బావా. అక్క అంతా బాగానే రాసింది.